పిట్ట ముట్టే దాకా

“‘అన్నా, కాకి లోడ్ అయితలేదు’ అని ఒకడు రాసిండు,” అని చదివాను.

మధు గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉన్నాడు. “ఇంకా?” అన్నాడు.

“‘నడుచుడు తప్ప ఏం లేదు. మా ఊరి బస్టాండు దాకా నడిచినా ఇంతకన్న మజా ఉంటది’ అని ఇంకొకడు.”

“ఇంకా?”

“ఇంకా ఏందిరా? అన్నీ గవే.”

మా తమ్ముడు చేసిన వీడియో గేముకు జనం రాసే మాటలు చదివిపెట్టడం ఆదివారం నా పని. వాడికి సొంతంగా చదివే ధైర్యం లేదు, చదవకుండా ఉండే నిబ్బరమూ లేదు. నేను సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజర్ని. వారమంతా మిషన్ల మధ్య నిలబడి, ఆదివారం బస్సులో వేములవాడ దాకా రాజన్న గుడికెళ్లే భక్తుల మధ్య నిలబడి, అక్కడ బస్సు మారి కోరుట్లలో దిగేసరికి నా కాళ్లు నావి కావు. అలాంటి మనిషికి ఆటలో కూడా నడకే పెడితే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

మధు ఇదివరకు హైదరాబాద్‌లో ఒక గేముల కంపెనీలో చేసేవాడు. తుపాకుల ఆటలకు తుపాకులు గీసేవాడు. మా బాపు పోయాక ఆ కొలువు మానేసి కోరుట్లకు వచ్చి, ఈ మేడ మీది గదిలో కూర్చుని సొంతంగా ఒక ఆట చేశాడు. దాని పేరు ‘పిట్ట’. అందులో తుపాకీ లేదు, శత్రువు లేడు, గెలుపోటముల్లేవు. తండ్రి పోయిన మూడో రోజున ఒక కొడుకు ఇంట్లో గది గదీ తిరుగుతాడు. ట్రంకు పెట్టె తెరుస్తాడు, చొక్కా జేబు వెతుకుతాడు, పాత ఫోన్లో దాచుకున్న మాటలు వింటాడు. తండ్రికి ఏమేం ఇష్టమో అలా తెలుసుకుని, వాటిని మోదుగాకు విస్తరిలో పెట్టి పిట్ట కోసం చూస్తాడు.

మా దగ్గర ఈ పనికి పిట్ట అంటే కాకే. పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి తింటారని, ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయినట్టని నమ్మకం. ఆటలో కాకి రావడానికి మనం చేయాల్సిందేమీ లేదు. ఆకు దగ్గర్నుంచి దూరం జరిగి, మీటల మీద నుంచి చేతులు తీసి ఊరుకోవాలి. మధ్యలో ఏది కదిపినా కాకి బెదిరిపోతుంది, ఎదురుచూపు మళ్లీ మొదటికొస్తుంది.

చేతులు తీసి ఊరుకోవడం ఈ రోజుల్లో ఎవరికి చేతనవుతుంది? ఒకడు ఆకు చుట్టూ గిరగిరా తిరిగాడట. ఒకడు ఆకును తొక్కి చూశాడట. ఇంకొకడు తాను బిర్యానీ తిని వచ్చినా కాకి రాలేదని రాశాడు. తీరా చూస్తే ఒక చేత్తో బిర్యానీ తింటూ రెండో చేత్తో మౌసు కదుపుతూనే ఉన్నాడు. అంతదాకా ఎందుకు, నేనూ చివరిదాకా ఆడలేదు. కూర్చున్న చోటే కునుకుపట్టి తల మీటల మీద పడింది. మధే వచ్చి లేపాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఒకామె మాత్రం, ‘మా నాయనతో ఇంతసేపు ఎన్నడూ కూర్చోలేదు’ అని రాసింది. అది వాడు రెండుసార్లు చదివించుకున్నాడు.

అంతలో ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి జగదీశ్. ఆటను అమ్మిపెట్టేది అతనే. మధు లేవకుండానే స్పీకర్ నొక్కాడు.

“మధు, రేపటికల్లా స్కిప్ బటన్ పెట్టు. నొక్కంగనే కాకి రావాలె, ఆట అయిపోవాలె. సగం మంది ఆ ఆకు కాడికచ్చి ఆట వాపస్ ఇచ్చి పైసలడుగుతున్రు. పెట్టకుంటే ఆటను తీసేస్త, మళ్ల నన్ననొద్దు,” అన్నాడతను. అతని గొంతులో కోపం లేదు. మాలాగే అలసిపోయి ఉన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేనన్నాను, “పెట్టెయ్‌రా. ఒక్క బటనే గదా. అందరు ఆడుతరు.”

“స్కిప్ జేసుడే అయితే ఆట ఎందుకక్కా? మనం జేసింది గదే గదా,” అన్నాడు మధు గోడతో.

వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని తిట్టబోయి ఆగిపోయాను. వాడన్నది నిజం.

మా బాపు జలపతి మా చిన్నప్పటి నుంచీ గల్ఫ్‌లోనే. ఏళ్లకోసారి వచ్చి, ఇంటినిండా చుట్టాలతో నెల గడిపి, మళ్లీ వెళ్లిపోయేవాడు. అక్కడే పనిలో ఉండగా గుండె ఆగింది. పెట్టెలో తిరిగొచ్చాడు. దహనమైన మూడో రోజున పెద్దబాపు నర్సన్న దగ్గరుండి ఆకు పెట్టించాడు. మటన్ కూర, గారెలు, బాపు తెచ్చిన ఫారిన్ సీసాలోంచి ఒక మూతెడు. పొలంలో బావి దగ్గర ఆకు పెట్టి దూరంగా నిలబడ్డాం. పిట్ట రాలేదు. ఎండ ముదిరింది. రోడ్డు మీద ఆటోవాళ్లు హారన్లు కొట్టారు. వచ్చినవాళ్లలో కొందరికి బస్సు టైమవుతోంది.

“మనం పోయినంక అస్తది తియ్యి. పాండ్రి,” అన్నాడు పెద్దబాపు.

వచ్చేశాం. మాకంటే ముందే మాట వాడకట్టుకు చేరింది, జలపతికి పిట్ట ముట్టలేదట అని. అమ్మ విన్నది. అప్పటి నుంచి మేడ మీద బట్టలు ఆరేయడం మానేసింది. మేడ మీద తీగల నిండా కాకులే. వానాకాలమైనా ఎండాకాలమైనా బట్టలు కింద వరండాలోనే ఆరతాయి. ముక్కిన వాసన వచ్చినా సరే. ఆ వాసన ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది.

తలుపు నెట్టుకుని అమ్మ చాయ్ తెచ్చింది. మధు చేసేది ఆఫీసు పని అనే ఆమెకు చెప్పాం. కంప్యూటర్ మూయడానికి నేను లేచేలోపే ఆమె చూసేసింది. తెర మీద మోదుగాకు, దూరంగా బావి.

“గిది పిట్టకు పెట్టుడు గదా?” అన్నది అమ్మ.

మధు లేచి కూర్చున్నాడు. “ఆట అమ్మా. నేను జేసిన.”

“గిది గూడ ఆటనా?”

కోప్పడుతుందనుకున్నాను. కోపానికీ ఓపిక కావాలి కదా. కప్పులు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీలో కూర్చుంది. “ఎట్ల ఆడుతరో సూపియ్యి,” అన్నది.

మధు మొదటి నుంచి పెట్టి, ఆమె వేళ్లు పట్టుకుని మీటలు చూపించాడు. అమ్మ నడక మొదలైంది. ఆ నడక ముందు వాడి ఆట పరుగుపందెం. గడప దగ్గర ఆగింది. గోడ మీది ఫోటోలు ఒక్కొక్కటీ చూసింది. అందరూ మొట్టమొదట తెరిచే ట్రంకు పెట్టె ముందు నిలబడి, తెరవకుండానే పక్కకు జరిగింది.

“తెరువమ్మా, అండ్ల సామాన్లున్నయి,” అన్నాను.

“ఆయన పెట్టె ఆయన లేంగ నేనెన్నడు ముట్టలే,” అన్నది.

నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఒక్కో గిన్నె మూత తీసి చూసింది. మధు అక్కడ మటన్ కూర, గారెలు, కల్లు సీసా పెట్టాడు. వాటిని చూసి మూతలు పెట్టేసింది. మళ్లీ మొదటి గిన్నె దగ్గరికొచ్చింది.

“ఏం దేవులాడుతున్నవమ్మా?” అన్నాడు మధు.

“పచ్చిపులుసు.”

“అది లేదమ్మా. బాపుకు మటనంటే పానం గదా.”

“మటన్ చుట్టాలకు పానం,” అన్నది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఆయన అచ్చినప్పుడల్లా ఇంటినిండ మందే. వాళ్లతోటి కూసుండాలె గనుక తినేటోడు. అందరు పోయినంక వంటింట్లకచ్చి, ‘ఏమే, గింత పచ్చిపులుసు పిసుకరాదు’ అనేటోడు. నిలవడే తినేటోడు. ఆ ఎడారిల దీన్ని తలిచినంత నిన్ను గూడ తలవలే అని నవ్వేటోడు.”

ఇన్నేళ్లలో ఆ మాట మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. తండ్రికి ఏమిష్టమో తెలుసుకునే ఆటను, తండ్రికి ఏమిష్టమో తెలియని కొడుకు చేశాడు. నేను తక్కువదాన్నా, పక్కన కూర్చుని తప్పులెన్నాను.

“మరి గా దినం చెప్పకపోతివా అమ్మా? ఆకుల పెట్టేటోళ్లం గదా,” అన్నాను.

“ఎవలు అడిగిన్రు బిడ్డా?”

గ్యాస్ బుక్ చేశావా అని అడిగినంత మామూలుగా అన్నది. ఆ రోజు ఆమెను మూల గదిలో కూర్చోబెట్టి, తల మీద కొంగు కప్పి, చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. ఆకులో ఏం పెట్టాలో పక్కగదిలో మగవాళ్లు తేల్చారు. మా పద్ధతి అంతే. భర్త పోయిన మనిషి ఆ మూల నుంచి లేవకూడదు.

“గోడకివతల అన్నీ ఇన్న. మటనన్నరు, సీసా అన్నరు. మూల కూసున్నదాన్ని, లేచచ్చి ఎట్ల చెప్పాలె? ఎవలన్న అడుగుతరేమో అని సూసిన,” అన్నది అమ్మ. “ఆయన రాకపాయె. ఎందుకస్తడు?” అన్నది.

మధు ముఖం కడుక్కొస్తానని వెళ్లి, కడుక్కున్నా దాగని ముఖంతో తిరిగొచ్చాడు. అమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“గిన్నె ఎట్లుండాలె?”

“సత్తుది. అంచుకు సొట్ట ఉంటది.”

“ఉల్లిగడ్డ సన్నగనా?”

“సన్నగ కోస్తే తినకపోయేటోడు. పెద్దగ కోసి చేతితోటి నలుపాలె.”

పొద్దంతా వాళ్లకదే పని. నేను కిందికెళ్లి అన్నం వండాను. కాళ్లు పీకుతూనే ఉన్నాయి, కానీ సాయంత్రం బస్సుకు పోవాలన్న తొందర ఎటు పోయిందో పోయింది. నేను మళ్లీ మేడెక్కేసరికి ఎండ వాలింది. తెర మీద వంటింటి గట్టు మీద సొట్ట గిన్నె ఉంది.

అమ్మ దాన్ని తెచ్చి ఆకులో పెట్టింది. మరేమీ పెట్టలేదు. ఆకు దగ్గర్నుంచి వెనక్కి వెనక్కి నడిచి బావి దగ్గర ఆగింది. తర్వాత మీటల మీంచి చేతులు తీసి, కుర్చీలోంచి లేచి, తలుపు వైపు నడిచింది.

“ఈన్నే కూసో అమ్మా. పిట్ట అచ్చేది కనవడ్తది,” అన్నాడు మధు.

“మనం ఎదురుంగ కూసుంటే అది ఎట్ల అస్తది? పాండ్రి బయటికి.”

ముగ్గురం బయట మెట్ల మీద కూర్చున్నాం, గదికి వీపు పెట్టి. మేడ మీది తీగల మీద కాకులు వరసగా ఉన్నాయి. అమ్మ వాటివైపు చూసింది. ఎన్నాళ్లకో.

లోపల ఫోన్ మోగింది, ఆగింది. జగదీశే అయి ఉంటాడు. మధు కదల్లేదు. వాడికి పిట్ట ఎప్పుడొస్తుందో తెలుసు, రాసింది వాడే. అది వచ్చి, ఒక్కసారి ముట్టి ఎగిరిపోతే ఆట అయిపోతుంది. కాసేపటికి వాడు మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేవబోయాడు.

“అచ్చి ఉంటదమ్మా. సూద్దాం పా.”

అమ్మ వాడి చేయి పట్టుకుని కిందికి లాగింది.

“ఆగు కొడుకా,” అన్నది. “తిననియ్యి.”

ఫోన్ మళ్లీ మోగింది. ఎవరమూ లేవలేదు.