నేను గుర్తుపట్టని రక్తం

"ఈ మరకేంటే? తుప్పు పట్టిన బెంచీ మీద కూర్చున్నావా?" అని స్నానాలగదిలోంచే అరిచాను. శనివారం పొద్దున. ఎదురుగా నానబెట్టిన బట్టల గుట్ట, చేతిలో బ్రష్షు. "మొన్నా ఇంతే, నిన్నా ఇంతే. ఎక్కడపడితే అక్కడ కూలబడడమేనా?"

మా అమ్మాయికి పన్నెండు నిండబోతున్నాయి. పొద్దున లేచింది మొదలు నోరు మూయదని అందరం పిచ్చుక అని పిలుస్తాం. ఆ పిచ్చుక తలుపు దగ్గర ఊరికే నిలబడి ఉంది. నేను ఇంకోసారి సబ్బు రాసి, ఇంకో రెండు మాటలు అనేశాక, చిన్న గొంతుతో అంది.

"నేనెక్కడా కూర్చోలేదమ్మా. అది నాలోంచే వస్తోంది. నాకేమన్నా జబ్బా?"

బ్రష్షు జారిపోయింది. నేను చేసే పనేంటో చెప్పాలి. నేను ల్యాబు టెక్నీషియన్ని. పదమూడేళ్ళుగా రోజూ ఏడింటి నుంచీ జనం చేతులకి పట్టీ కట్టి, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని చెప్పి రక్తం తీస్తాను. గొట్టం వెలుతురుకి పట్టి చూస్తే చాలు, గడ్డ కట్టిందో, పలచబడిందో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, కన్నకూతురి రక్తాన్ని తుప్పు అనుకుని మూడు రోజులు బ్రష్షుతో తోమాను. మొదటిరోజే కసురుకున్నాను కాబట్టి అది ఎవర్నీ అడగలేదు. మూడు రోజులు జబ్బుతో చచ్చిపోతానేమోనని భయపడుతూ బడికెళ్ళి, హోంవర్కు చేసుకుని, పెట్టింది తిని పడుకుంది.

బకెట్టు బోర్లించి దాన్ని కూర్చోబెట్టాను. నేను తడినేల మీదే కూర్చున్నాను. జబ్బు కాదని, నెలసరి అని, ఆడపిల్లలు పెరిగే వరసలో ఇదొకటని చెప్పాను.

"రక్తమైతే ఎర్రగా ఉండాలిగా?" తెలివైన ప్రశ్నే. నాకు తట్టనిది అదే.

"మొదట్లో చాలామందికి ఇలాగే ఉంటుంది. కొంచెం కొంచెంగా, నెమ్మదిగా దిగుతుంది. ఆ ఆలస్యానికి రంగు మారుతుంది. తర్వాత ఎర్రగానూ రావచ్చు."

"మొత్తం ఎంత పోతుంది? బకెట్టుడా?"

"రెండు మూడు చెంచాలు."

"అంతేనా!" దాని మొహంలో కాస్త నిరాశ కూడా కనబడింది. "మళ్ళీ వచ్చే నెల ఇదే తేదీకా?"

"రావచ్చు, రాకపోవచ్చు. రెండు నెలలు పత్తా లేకుండా పోయి ఒకరోజు చెప్పాపెట్టకుండా దిగొచ్చు. మొదటి ఒకట్రెండేళ్ళు దాని ఇష్టారాజ్యం. కంగారు పడకు. పొత్తికడుపులో పిసికినట్టుంటే వేడినీళ్ళ సంచి పెట్టుకో. భరించలేనంత నొప్పొచ్చినా, గంటకో ప్యాడు తడిసిపోతున్నా నాకు చెప్పు, డాక్టరు దగ్గరికి వెళదాం."

"పరుగు పందెం?"

"నీ ఓపిక. శుభ్రంగా పరిగెత్తు."

ప్యాడు ఎలా పెట్టుకోవాలో చూపించి, నాలుగైదు గంటలకోసారి మార్చుకోమని చెప్పి పంపాను. అంటుకునే వైపు పైకి పెట్టుకుని, రెండడుగులు వేసి, కెవ్వుమని వెనక్కొచ్చింది. ఇద్దరం గోడకి ఆనుకుని నవ్వాం. నాకిది జరిగినప్పుడు మా అమ్మ నాతో అన్నది ఒకే ఒక్క మాట, "ఎవరికీ చెప్పకు" అని. ఇందులో నవ్వడానికి కూడా ఉంటుందని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

పిచ్చుకకి గొంతు తిరిగొచ్చింది. నేరుగా టీ తాగుతున్న వాళ్ళ నాన్న దగ్గరికి పరిగెత్తి, అంతా చెప్పేసింది. ఆయన కప్పు దించి, నా వైపు చూసి, "అవన్నీ మీరూ మీరూ చూసుకోండి, నా ముందెందుకు?" అని లేచిపోయారు. దీని పాలపన్ను ఊడితే ఫొటో తీసి చుట్టాలందరికీ పంపించిన మనిషి ఈయనే.

మా అత్తయ్య సోఫాలోంచి, "పెద్దమనిషివయ్యావే, ఇంక ఆ గెంతులు మానాలి" అంది.

"పెద్దమనిషినైతే మరి నాన్న నా మాట వినాలిగా? లేచి వెళ్ళిపోతాడేంటి?"

అత్తయ్య నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ, "నేనైతే చచ్చిపోతున్నాననుకుని మంచం కింద దూరానే. సాయంత్రం దాకా బయటికి రాలేదు" అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఈ మాట నేను వినలేదు. పిచ్చుక వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

మధ్యాహ్నం నేను కూర తరుగుతుంటే వచ్చింది. "నీకూ వస్తుందా? ఇప్పటికీ? మరి ల్యాబులో ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, నిలబడి పనిచేస్తాను. నొప్పెక్కువైతే తలనొప్పని చెప్పి ఓ మాత్ర వేసుకుంటాను."

"తల కాదుగా నొప్పి?"

కాదు. మాతో పనిచేసే ఒకావిడ ఒకసారి కూర్చుని రక్తం తీస్తానని కుర్చీ అడిగితే, మేమంతా పెద్దసారు అని పిలిచే సీనియర్ టెక్నీషియన్, "మీకు నెలనెలా ఇదో వంక" అన్నారు. అప్పట్నించీ అక్కడ ఆడవాళ్ళందరికీ తలనొప్పే. ఇదంతా దానికెలా చెప్పను? అది నా మొహంలోకి చూసి వెళ్ళిపోయింది. నాకు భయం వేసింది. మూడు రోజులు నోరు మూసుకుని భరించడం ఈ పిల్ల ఎక్కడ నేర్చుకుందో నాకు తెలిసిపోయింది. నన్ను చూసే నేర్చుకుంది. దీన్ని ఇక్కడే ఆపకపోతే రేపు దీనికీ తలనొప్పే వస్తుంది.

ఆదివారం ల్యాబు ఒంటిపూట, డ్యూటీ నాది. పిచ్చుకని వెంట తీసుకెళ్ళాను. ఆఖరి మనిషి వెళ్ళాక దాని చేతికి ఒక గాజు స్లైడు ఇచ్చి, "ఒక్క చుక్క. నువ్వే తే" అన్నాను. బాత్రూములోంచి రెండు చేతులా పట్టుకుని తెచ్చింది. ఆ రోజుకి కాస్త ఎర్రబడింది. పలచగా పరిచి, ఆరనిచ్చి, రంగు వేసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాను.

అది కన్ను ఆనించింది. రెండో కన్ను చేత్తో మూసుకుంది.

"ఈ గుండ్రటివి?"

"ఎర్ర కణాలు."

"ఈ ఊదారంగు గుంపులు?"

"గర్భసంచి లోపల పరుచుకున్న పొర. అదే ముక్కలై వచ్చేసింది."

"ఎవరు పరిచారు?"

"నువ్వే."

"నేనా? ఎప్పుడు? నిద్రపోతున్నప్పుడా?"

"నిద్రపోతున్నప్పుడు, లెక్కలు చేస్తున్నప్పుడు, నాచేత తిట్లు తింటున్నప్పుడు కూడా."

"నాకు చెప్పకుండానే ఇంత పని చేసిందా నా ఒళ్ళు!" అంది. నన్ను చూడమని పక్కకి జరిగింది.

నేనూ చూశాను. ఇన్నేళ్ళలో ఎన్ని వేల స్లైడ్లు చూశానో, ప్రతిదాన్లో ఏ జబ్బుందోనని వెతకడమే నా పని. వెతకడానికి ఏమీ లేకుండా రక్తాన్ని చూడడం అదే మొదలు. ఎంత బాగుందో! ముప్పయ్యేళ్ళుగా ఇంత పనీ నా లోపలా జరుగుతోంది. నేనేమో దాన్ని కాగితంలో చుట్టి, ఎవరూ చూడకుండా పారేస్తూ వచ్చాను.

"ఏం చూస్తున్నారు తల్లీకూతుళ్ళు?"

పెద్దసారు. సోమవారం రిపోర్టుల కోసం వచ్చినట్టున్నారు. 'ఏదో మామూలు స్లైడు సార్' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. పిచ్చుక అప్పటికే లెన్సు మీంచి తలెత్తి నన్నే చూస్తోంది.

"చెప్పనా?" అని దాన్నే అడిగాను. తలూపింది.

"మా అమ్మాయి నెలసరి రక్తం సార్. మొదటిసారి."

ఆయన ఒకడుగు వెనక్కి వేశారు. చెవులు ఎర్రబడ్డాయి. తలుపు వైపు చూశారు, మా వైపు చూశారు. కానీ ఎంతైనా పని తెలిసిన మనిషి, చూపు మైక్రోస్కోపు మీదికి పోకుండా ఉండలేదు. పిచ్చుక లేచి కుర్చీ ఇచ్చింది. కూర్చున్నారు. ఫోకస్ మర తిప్పుకుంటూ, స్లైడు ఈ చివర నుంచి ఆ చివరికి జరుపుకుంటూ చూశారు. తలెత్తేసరికి ఆయన గొంతు మెత్తబడిపోయింది.

"ముప్పయ్యేళ్ళ సర్వీసమ్మా నాది. ఈ ల్యాబుకి ఇలాంటి రక్తం ఒక్కసారి కూడా రాలేదు."

"వస్తూనే ఉంది సార్," అన్నాను. "పదమూడేళ్ళుగా, నెలనెలా, నాతోపాటే."