గేటు దగ్గరి రాయి

వరుసలో ముందున్న ఆడమనిషి చెయ్యి రాయి మీద పెట్టి కళ్లు మూసుకుంది. గేటు కాపలా కాసే భిక్షం లాఠీ పిడితో ఒక్క దెబ్బ వేశాడు. ఎర్రగాజులు పగిలి, ఒక ముక్క ఎగిరి వచ్చి చాంద్‌బీ చెంపను గీరింది. ఆ మనిషి ఏడవలేదు. రక్తం కారుతున్న మణికట్టును కొంగుతో ఒత్తుకుని, జొన్నల కోసం లోపలికి పరుగెత్తింది.

"ఎన్కున్నదెవ్వరు? జెర ముంగటికి రా!" అని అరిచాడు భిక్షం.

అది చిలకలగూడలో మూతబడ్డ దూది గోదాము. ఊళ్లోని వర్తకులూ, చర్చి పెద్దలూ కలిసి అందులో సహాయ సంఘం పెట్టారు. యూనియన్ సైన్యం వచ్చాక జిల్లాల నుంచి రైలెక్కి పారిపోయి వచ్చిన కుటుంబాలకు జొన్నలూ, కంబళ్లూ ఇస్తున్నారు. అయితే విధవలకే. మొగుడు కనిపించడం లేదంటే వాడు రజాకారై ఎక్కడో దాక్కున్నాడన్న మాట, వాడి పెళ్లానికి దానమెందుకు అన్నారు పెద్దలు. మరి చచ్చాడో లేదో తేల్చేదెవరు? చేతికి గాజులుంటే మొగుడున్నట్టే అని తేల్చినవాడు భిక్షం. మసాలా నూరే రాయొకటి తెచ్చి గేటు దగ్గర వేసినవాడూ అతనే. పొద్దెక్కేసరికి రాయి చుట్టూ గాజుపెంకులు రంగురంగుల ముగ్గులా పరుచుకున్నాయి.

చాంద్‌బీ చంకలో పిల్ల తల వాల్చేసింది. ఆకలికి ఏడ్చే దశ నిన్ననే దాటిపోయింది. వెనక నిలబడ్డ అత్త రహమత్‌బీ వేలితో కోడలి వీపు పొడుస్తూనే ఉంది. ముసలామె చేతులు ఏనాడో బోసిపోయాయి. అయినా ఉదయం ఆమెను తోసేశారు. కొడుకున్నదానికి కొడుకే పెట్టాలట. కొడుకు లేడని తేలితేనే ఆమెకూ ఒక శేరు. ఇద్దరి కడుపులూ ఆ కొడుకు లాల్ చావు మీదే ఆధారపడి ఉన్నాయి.

మెట్టుగూడ నుంచి నడిచి వస్తున్నంతసేపూ చాంద్‌బీ ఆ మాటను నోట్లో నానబెట్టింది. 'చచ్చిండు.' మొదట గొంతులో ముల్లులా గుచ్చుకుంది. వరుస కదిలినకొద్దీ మెత్తబడింది. ఇందాక ఆ మనిషి జొన్నల కోసం పరుగెత్తుతుంటే, లాల్ చచ్చిపోయి ఉంటే బాగుండునని ఆమెకు స్పష్టంగా అనిపించింది. ఆ కోరిక తనదే. ఎవరూ తోసింది కాదు. దాన్ని లోపల చూసుకుని, పామును తొక్కినట్టు ఉలిక్కిపడింది.

"ఏందీ, గాజులు గిన్నున్నయి!" అన్నాడు భిక్షం. "నీ మొగుడేడి?"

"దూదేకుతడు. లాల్ అంటరు."

"ఏం జేస్తడని అడిగిన్నా? ఉన్నడా, సచ్చిండా?"

చాంద్‌బీ గాజుల చెయ్యిని కొంగులోకి లాక్కుంది.

ఊళ్లో చివరి రోజు లాల్ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పొరుగూరు నుంచి వస్తున్నాడు. బావి దగ్గర గుంపు అతన్ని పట్టుకుంది. మొహాలు తెలిసినవే. వాళ్లలో కొందరి పరుపులు అతనే ఏకాడు. చాంద్‌బీ జొన్నచేలో పడుకుని ఒక చేత్తో పిల్ల నోరు మూసింది. గాజులు గలగలమంటాయేమోనని రెండో చేతి గాజుల్ని మోచేతి దాకా ఎక్కించి, గడ్డంతో అదిమిపట్టింది. గొడ్డలి దెబ్బలు విన్నది. లాల్ ఒకసారి అమ్మా అన్నాడు. తరువాత బావిలో ఏదో పడింది. మనిషి పడ్డాడో, విల్లు పడ్డదో ఆమె చూడలేదు. చీకటి పడే దాకా గాజుల్ని అదిమిపట్టే ఉంది. ఒక్కసారి అవి మోగి ఉంటే, ఆ గుంపు లాల్‌ను వదిలి తలతిప్పేదేమో. ఆ 'ఏమో' ఆమెను ఒక్కపూటా నిద్రపోనివ్వలేదు.

"సచ్చిండు సారూ!" వెనక నుంచి రహమత్‌బీ అరిచింది. "కన్నతల్లిని, నేను జెప్తున్న. నా కొడుకు సచ్చిండు. పలగ్గొట్టుండ్రి!"

"అత్తమ్మా!"

"నోర్ముయ్యే! నీ గాజుల సోకు కోసం నా మనుమరాలు సావాల్నా?" అంటూ ముసలామె కోడలి జుట్టు పట్టి వంచింది. "పెట్టు, చెయ్యి పెట్టు!"

భిక్షం చాంద్‌బీ మణికట్టు ఒడిసిపట్టి రాయికేసి అదిమాడు. "మా తమ్ముణ్ణి రజాకార్లు గుడిసెల పెట్టి కాల్చిండ్రు. మా మరదలి గాజులు ఈ చేతులతోనే పలగ్గొట్టిన. ఆమెకెవ్వడు పెట్టిండు గిద్దెడు జొన్నలు? మీకు ఉత్తగనే రావాల్నా?"

లాఠీ పిడి దిగింది. మూడు గాజులు పగిలి మణికట్టులోకి దిగాయి. నొప్పి కంటే ముందు ఆ చప్పుడు వచ్చింది. ఆనాడు చేలో గడ్డంతో అదిమిపట్టిన చప్పుడు అదే.

పిడి మళ్లీ లేచింది. చాంద్‌బీ మణికట్టు విడిపించుకుని, పిల్లను అత్త మీదికి నెట్టేసి, రెండు చేతులతో రాయిని లాక్కుంది. పిడి నేల మీద పడి పెంకులు చెదిరాయి. ఆమె రాయిని కడుపుకు కరుచుకుని చతికిలబడింది.

"రాయియ్యి!"

"ఇయ్య."

వెనక వరుస ఒక్కసారిగా కదిలింది. "ఓ పిల్లా, ఇయ్యరాదూ! మేం ఆకలితోని సస్తున్నం!" ఒకామె ఆమె భుజం మీద తన్నింది. ఇంకొకామె వేళ్లు విడదీయబోయి గోళ్లతో రక్కింది. "నీకొద్దంటె పో! మా నోటికాడిది గుంజుకుంటవా, పాపిష్టిదాన!" అందరి చేతులకూ గాజులున్నాయి. అన్నీ ఆ రాయి కోసమే చాచి ఉన్నాయి.

భిక్షం లాఠీతో ఆమె వీపు మీద కొట్టాడు. ఇంకోటి కొట్టాడు.

గొడవ విని లోపలి నుంచి మేబెల్ టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. జొన్నలు కొలిచే పని ఆమెది. చేతిలో శేరు డబ్బా అలాగే ఉంది. గేటు దగ్గర ఏం జరుగుతోందో ఆమెకు తెలియక కాదు. పొద్దుటి నుంచి ఆ చప్పుడుకు వీపు తిప్పి కూర్చుంది.

"ఆపవయ్యా, ఆపు!" అంటూ చాంద్‌బీ పక్కన కూర్చుంది. "అమ్మా, ఆ రాయి ఇచ్చేయ్. చనిపోయాడని ఒక్కమాట అను చాలు. గాజులు నేను మెల్లగా తీయిస్తాను. పగలగొట్టక్కర్లేదు. ఇదిగో, నీ జొన్నలు."

డబ్బా ఆమె మొహం ముందుకు వచ్చింది. ఆ వాసనకు చాంద్‌బీ నోరూరింది. లోపల నానిన మాట నాలిక చివరికి వచ్చి కూర్చుంది.

"మెల్లగ తీసుడేంది టీచరమ్మా?" అంది చాంద్‌బీ. "ఆకలైతున్నది, పెట్టుండ్రి. నా మొగణ్ణి నాతోని సంపియ్యకుండ్రి. గొడ్డళ్లు ఎత్తినోళ్లు సంపిండ్రో లేదో, వాళ్లను అడుగుండ్రి. పేర్లు జెప్త."

మేబెల్ చేతిలో డబ్బా కిందికి వాలింది. వెనక వరుసలో కేకలు తగ్గలేదు. "మొగుడు, మొగుడని సావు! రాయియ్యి ముందు!" అని ఎవరో చాంద్‌బీ చెవి పట్టి గుంజారు. భిక్షం లాఠీ మళ్లీ ఎత్తాడు, టీచరమ్మ అడ్డం ఉండటంతో గాలిలోనే ఆపాడు.

రహమత్‌బీ ఒక చేత్తో పిల్లను ఎత్తుకుని, రెండో చేత్తో ఇంకా కోడలి జుట్టు పట్టుకునే ఉంది. లాగుతోందో, పడిపోకుండా ఆసరా పట్టుకుందో ఆమెకే తెలిసినట్టు లేదు.

చాంద్‌బీ రాయిని ఇంకా గట్టిగా హత్తుకుంది. నెత్తురోడుతున్న చేతికి రెండు గాజులు మిగిలాయి. ఎవరో గుంజినప్పుడల్లా అవి రాయికి తగిలి మోగుతున్నాయి. ఈసారి ఆమె వాటిని అదిమిపట్టలేదు.