తొంభై ఒక్క శాతం

మనుషుల కళ్ళలోకి సెకనుకు వెయ్యిసార్లు తొంగి చూడటం నా ఉద్యోగం. నేను ఒక కంటిచూపును కొలిచే యంత్రాన్ని. ఇప్పుడు నా అద్దం పగిలి ఉంది. మెడకు గోనెదారం కట్టి, కేసు నంబరు రాసిన అట్టముక్క వేలాడదీశారు. నా గడ్డంపలక మీద గోధుమరంగు మరక ఒకటుంది. దాన్ని తుడవొద్దని కోర్టు ఉత్తర్వు. అది మడకం దూలయ్య అనే మనిషి రక్తం.

నేను పుట్టింది చలిదేశంలో. తెల్లకోటు వేసుకున్న ఒకామె నా కటకాలను చేత్తో బిగించి, తన కన్నే నాకు మొదట చూపించింది. అక్కణ్నుంచి నురుగుపెట్టెలో పడుకుని హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయానికి వచ్చాను. అక్కడ నన్ను పెట్టెలోంచి తీసిన మనిషి హైమవతి. భాషాశాస్త్రంలో పరిశోధన చేసేది. నన్ను బల్ల మీద పెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి, పక్కనున్న వాళ్ళతో "మెల్లగా మాట్లాడండి, అదిరితే దీని లెక్క పోతుంది" అంది. నా గురించి అంత జాగ్రత్తగా మాట్లాడిన మనిషి ఇంకొకరు కనపడలేదు.

నా ముందు కూర్చున్నవాళ్ళు గడ్డం పలక మీద ఆనించి, తెర మీద వాక్యాలు చదవాలి. కంటికి కనపడని కాంతిని వాళ్ళ నల్లగుడ్డు మీద వేసి, చూపు ఎక్కడ ఆగిందో ఎక్కడికి దూకిందో రాసుకుంటాను. చదవడం ప్రశాంతమైన పని అని మనుషులు అనుకుంటారు. నేను చూసింది వేరు. కన్ను అక్షరాల మీద జారదు. దూకుతుంది, కొట్టుకుంటుంది, అర్థం కాకపోతే వెనక్కి పరిగెత్తి ముందు మాటను మళ్ళీ పట్టుకుంటుంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి అప్పటిదాకా ఊపిరి బిగబట్టినట్టే ఉంటుంది వాళ్ళ చూపు.

హైమవతి రెండువందల నలభైమంది విద్యార్థులను అలా చదివించింది. ఆ చూపులన్నీ కంప్యూటరుకు నేర్పింది. మూడేళ్ళకు అది ఏ వాక్యం ఇచ్చినా, చదివేవాళ్ళ కన్ను ఎక్కడ తడబడుతుందో ముందే చెప్పగలిగింది. ఆ రోజు ఆమె ల్యాబులో అందరికీ మైసూర్ పాక్ పంచింది. నా పక్కన కూడా ఒక ముక్క పెట్టి నవ్వింది. చీమలు పట్టాయి.

ఆమెతోపాటు చదువుకున్న చక్రధర్ అప్పటికే ఒక కంపెనీ పెట్టుకున్నాడు. ఒకరోజు వచ్చి ఆమె పని అంతా చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మామూలు మనిషి చూపు ఎలా నడుస్తుందో దీనికి తెలుసు కదా. అలా నడవకపోతే ఏంటి అర్థం?"

"అతనికి ఆ వాక్యం కష్టమైందని."

"లేదా ఏదో దాస్తున్నాడని," అన్నాడు చక్రధర్. "పోలీసులు దీనికోసం ఎగబడతారు హైమా. నీ పని పుస్తకాల్లో మగ్గిపోవాలా?"

ఆమె కాదనలేదు. ఆమెను వెనకేసుకొస్తే నేను అబద్ధం చెప్పినట్టే. పరీక్ష చేయకుండా అలా అనకూడదని ఆమెకు తెలుసు. అయినా తన పని ప్రయోగశాల దాటి బయటికి పోతుందన్న ఆశ ఆమె నోరు నొక్కేసింది. నెల తిరగకుండా నన్ను జీపులో వేసుకుని ఏజెన్సీలోని రేకులపాడు పోలీస్ స్టేషనుకు తీసుకెళ్ళారు.

అక్కడ నాలుగురోజుల క్రితం ఒక హత్య జరిగింది. తునికాకు కాంట్రాక్టరు గుమాస్తాను ఎవరో అడవిదారిలో గొడ్డలితో నరికారు. ఒంటి మీద రక్తంతో, అతన్ని భుజాన వేసుకుని తారురోడ్డు దాకా మోసుకొచ్చినవాడు దూలయ్య. గుమాస్తా రోడ్డు మీదే చచ్చిపోయాడు. దూలయ్యను అక్కడే పట్టుకున్నారు.

మధ్యాహ్నం రెండుగంటలప్పుడు అతన్ని నా ముందుకు తెచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో రెక్క పట్టుకుని కుర్చీలో పడేశారు. ముప్పై అయిదేళ్ళుంటాయి. అరికాళ్ళు ఉబ్బి నేల మీద ఆనడం లేదు. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడికన్ను మాత్రం నాకు దొరికింది. అప్పటిదాకా నేను చూసినవన్నీ నిద్రచాలని కళ్ళు, విసుగెత్తిన కళ్ళు. భయపడ్డ కన్నును చూడటం అదే మొదటిసారి. నల్లగుడ్డు అంచులదాకా విచ్చుకుపోయి ఉంది.

"ఇతనికి దెబ్బలు తగిలాయి," అంది హైమవతి.

"మెట్ల మీంచి పడ్డాడు మేడమ్. మీ పని మీరు కానివ్వండి," అన్నాడు సీఐ పరంధామయ్య. నిజానికి ఆ స్టేషనుకు మెట్లే లేవు.

చక్రధర్ పది వాక్యాలు తయారుచేశాడు. గొడ్డలి, అడవిదారి, గుమాస్తా, రక్తం. దూలయ్య ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా చదివాడు. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. అతని చూపు ఆగింది, వెనక్కి పోయింది, మళ్ళీ ఆగింది. ఉన్నదున్నట్టు రాసుకున్నాను. కంప్యూటరు లెక్కకట్టి ఎర్ర అంకె చూపించింది. తొంభై ఒక్క శాతం తేడా.

సీఐ ఆ అంకె వైపు చూశాడు. లాఠీ అందుకుని వెనకనుంచి దూలయ్య ఎడమ చెవి మీద కొట్టాడు. తల ముందుకు వచ్చి నా గడ్డంపలకకు గుద్దుకుంది. పన్ను విరిగిన చప్పుడు నా ఇనుములోంచి పాకింది. అద్దం అంచున రక్తం చిమ్మింది. రెండో దెబ్బ వీపు మీద. మూడోది వేళ్ళ మీద, అతను బల్ల పట్టుకున్నాడు కాబట్టి. దూలయ్య తన భాషలో ఎవరినో పిలిచాడు. నా పరికరాలన్నీ ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. ఆ కన్ను నొప్పితో గిలగిలలాడటాన్ని కూడా వెయ్యి ముక్కలు చేసి, వరుసగా పేర్చి దాచుకున్నాను.

"ఆపండి! సార్, ఆపండి!" హైమవతి మధ్యలోకి దూరింది. నాలుగో దెబ్బ ఆమె మోచేతికి తగిలింది. చక్రధర్ లాప్‌టాప్ మూత సగం దించి, ఆ సగంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"మిషన్ అబద్ధమాడుతుందా మేడమ్? మీరేగా తెచ్చింది!" అన్నాడు సీఐ రొప్పుతూ.

"నన్ను ఒక్క అయిదునిమిషాలు చూడనివ్వండి. అతని స్టేట్‌మెంట్ ఇవ్వండి."

కారం ఏసుబాబు అనే కానిస్టేబులు కాగితం తెచ్చి ఇచ్చాడు. కింద దూలయ్య వేలిముద్ర. పైన ఒకటే ముఖ్యమైన వాక్యం: నేను నరికిన మనిషిని భుజాన వేసుకుని రోడ్డుకు తెచ్చాను.

హైమవతి చదివింది. ఆమె చూపు చివరిదాకా పోయి, మొదటికి వచ్చింది. మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. కాగితం కింద పెట్టి దూలయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అన్నా, నరికింది ఎవరు?"

"నాకెర్క లేదమ్మా." నోట్లోంచి రక్తం కారుతోంది. "నేను పొయ్యేసరికే నరికున్నది. నరికిన మనిషిని నేను ఎత్తుకొచ్చిన. ఊపిరున్నది, అందుకే ఎత్తుకొచ్చిన."

"వినండి సార్," అంది ఆమె లేచి. "'నేను నరికిన మనిషి' అని కలిపి చదివితే ఇతను హంతకుడు. 'నేను' అన్న మాట దగ్గర ఆగి చదివితే, ఎవరో నరికిపోయిన మనిషిని కాపాడబోయినవాడు. ఇతను చెప్పింది రెండోది. మీరు రాసుకున్నది మొదటిది. మాటలు రెండిట్లోనూ అవే."

"మరి మిషన్?"

"ఈ మిషన్‌కు తెలుగిళ్ళలో పుట్టి కాలేజీల్లో చదివినవాళ్ళ చూపే తెలుసు. ఇతని ఇంటిభాష కోయ. తెలుగు కూడబలుక్కుంటున్నాడు. దానికి అది నేరంలా కనపడింది. తప్పు నాది." కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "నమ్మకపోతే మీరు కూర్చోండి. హిందీలో ఒక పేజీ చదవండి. తడబడితే చాలు, దీనికి ఏ భాషైనా ఒకటే."

సీఐ వెనకాడలేదు. తన దగ్గర దాచేదేముందన్న ధీమా. రక్తం అంటిన పలక మీద చేతిరుమాలు పరిచి గడ్డం ఆనించాడు. బస్‌స్టాండు గురించిన మామూలు హిందీ వాక్యాలవి. స్కూలు వదిలాక అతను ఆ అక్షరాల మొహం చూసినట్టు లేదు. చూపు దూలయ్య చూపులాగే ఆగింది, వెనక్కి పోయింది, నుదుట చెమట పట్టింది. ఎర్ర అంకె వెలిగింది. తొంభై నాలుగు.

ఏసుబాబు ముక్కులోంచి చిన్న నవ్వు జారిపడింది.

ఆ నవ్వుకు శిక్ష నాకు పడింది. సీఐ లేచి లాఠీని రెండు చేతులతో ఎత్తి నా మీద దించాడు. మొదటి దెబ్బకు అద్దం పగిలింది. రెండోదానికి తెర. కిందపడ్డాక బూటుకాలితో తొక్కాడు. చలిదేశంలో ఒకామె బిగించిన కటకం నేల మీద దొర్లి దూలయ్య ఉబ్బిన పాదం దగ్గర ఆగింది. ఆఖరుగా నేను రాసుకున్నది ఒక బూటు అడుగుభాగం.

కానీ నాలో ఉన్నదంతా అప్పటికే లాప్‌టాప్‌లోకి చేరిపోయింది. దాన్ని చెరిపేద్దామని చక్రధర్ జీపులో అన్నాడు. హైమవతి లాప్‌టాప్‌ను కడుపుకు అదుముకుని నడుస్తున్న జీపులోంచి దూకబోయింది. అతను చేతులు ఎత్తేశాడు.

కేసు పదకొండు నెలలు నడిచింది. దూలయ్య అన్నాళ్ళూ జైల్లోనే ఉన్నాడు. హైమవతి ఉద్యోగం పోయింది. ఇంటి తలుపు మీద ఎవరో గొడ్డలి బొమ్మ గీసి పోయారు. ఉచితంగా వాదించిన రహమతుల్లా అనే వకీలు నన్ను గోనెసంచిలో కోర్టుకు తెప్పించాడు.

ప్రభుత్వ వకీలు ఆమెను గంటన్నర చీల్చి చెండాడాడు.

"అంటే మీ శాస్త్రమే తప్పంటారు?"

"నేను దాన్ని వాడిన చోటు తప్పు. అందులో ఇతనిలాంటి మనుషుల చూపు ఒక్కటీ లేదని నాకు ముందే తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఇతని చెవి పోవడంలో నా వాటా ఉంది. రాసుకోండి."

అరవైమంది చేత ఆ స్టేట్‌మెంటు చదివించానని, సగంమంది ఒకలా, సగంమంది ఇంకోలా అర్థం చేసుకున్నారని చెప్పింది. జడ్జిగారు కాగితం తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నారు. చదివారు. ఆయన చూపు చివరిదాకా పోయి, చటుక్కున మొదటికి వచ్చింది. అది చూడటానికి నాకు కరెంటు అవసరం లేకపోయింది.

నేను లాప్‌టాప్‌లోకి పంపిన ఆ మధ్యాహ్నాన్ని కూడా కోర్టులో వేశారు. కన్ను గిలగిలలాడిన గీతలను వరుసగా, ఒక్కో దెబ్బకు ఒక్కో ఎగుడు. మెట్ల మీంచి పడ్డ మనిషి కన్ను అలా ఉండదని కంటి డాక్టరు చెప్పాడు. దూలయ్య విడుదలయ్యాడు. సీఐ మీద కేసు పెట్టమన్నారు. అది ఇంకా నడుస్తోంది, అందుకే నాకు ఈ అట్టముక్క. గుమాస్తాను చంపిందెవరో ఇప్పటిదాకా తేలలేదు.

తీర్పు రోజు అటెండరు నన్ను వరండాలో బెంచీ మీద దించి తాళాలకోసం వెళ్ళాడు. దూలయ్య బయటికి వచ్చాడు. రెండు వేళ్ళు వంకరగా అతుక్కున్నాయి. హైమవతి అతని ఎదురుగా నిలబడింది. ఆ నెలల్లో, కోయవాడే అయిన కానిస్టేబులు ఏసుబాబు దగ్గర కూర్చుని కోయభాషలో నాలుగు వాక్యాలు నేర్చుకుంది. క్షమించమని అడగడానికి. మొదటి వాక్యం మధ్యలోనే తడబడింది. ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదలుపెట్టింది. దూలయ్య ఆమె పెదాలను చూస్తూ నిలబడ్డాడు. తొందరపెట్టలేదు.

ఆమె పూర్తిచేశాక అతను మొహం పక్కకు తిప్పి కుడిచెవి చూపించాడు.

"ఆ చెవిన ఇనపడదమ్మా. ఇటు చెప్పు, గట్టిగ."

వరండా నిండా వకీళ్ళు, పోలీసులు, వాయిదాలకొచ్చిన జనం. హైమవతి ఒకసారి అటూ ఇటూ చూసింది. తర్వాత గొంతెత్తి, నాలుగు వాక్యాలూ మొదటినుంచి అరిచి చెప్పింది. టైపు మిషన్లు ఆగాయి. జనం తలలు తిప్పారు.

"ఇన్న," అన్నాడు దూలయ్య.

చెప్పులు వెతుక్కుని, గోడ పట్టుకుని, ఎండలోకి దిగిపోయాడు.