మొదటి డిమాండు

కుప్పమ్మ బల్లల కిందికి వంగి చీపురు పోనిచ్చింది. పదకొండు రోజులుగా మూసి ఉన్న తరగతి గది. దుమ్ము ఒక ఊపుకు వదలడం లేదు. కిటికీ అంచు మీది పావురాల రెట్టలు గీకి, తన పాత చెంగావి చీర చించి చేసుకున్న గుడ్డను బకెట్లో ముంచి పిండి బోర్డు తుడిచింది. పందొమ్మిదేళ్ళ సుద్దపొడి ఆమె వేళ్ళ గణుపుల్లో ఇంకిపోయి ఉంది. తలకు పోసుకున్నా పోదు.

సమ్మె ముగిసిందని నిన్న సాయంత్రం ఎవరో చెబితే, పొద్దున్నే గుడిపాలలో బస్సెక్కి చిత్తూరు వచ్చేసింది. ముగిసిందంటే తనను మళ్ళీ తీసుకున్నట్టే కదా! సమ్మె మొదలైందే తన కోసం. కరస్పాండెంటు కొత్తింట్లో గృహప్రవేశమని ఆయాలందరినీ కాలేజీ బస్సులో తోలుకుపోతుంటే, ఆమె ఒక్కతే దిగిపోయింది.

"కాలేజీలో పనికి వస్తిని గానీ మీ ఇంట్లో అంట్లు తోమేదానికి కాదు" అంది.

రేపటి నుంచి రావద్దన్నారు. అడిగేవాడు లేడనేగా ఆ పొగరు! లెక్చరర్లు గేటు ముందు షామియానా వేశారు. కరపత్రంలో మొదటి డిమాండు ఆమెను తిరిగి తీసుకోవాలనే. "నువ్వు లేకుండా మేం లోపల అడుగు పెట్టం కుప్పమ్మా" అని చరిత్ర చెప్పే మునిచంద్ర సార్ మైకులో అన్నాడు. ఆ మాటకు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా.

గంట కొట్టారు. బి.ఏ. పిల్లల వెనకే మునిచంద్ర వచ్చాడు. ఆమెను చూసి చప్పున తల తిప్పుకున్నాడు. కుప్పమ్మ ఎప్పటిలాగే వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. సంతకం చేయడం నలభయ్యో ఏట నేర్చుకున్న మనిషే గానీ, ఈ గోడ పక్కన కూర్చుని ఏటా వినే పాఠాలు ఆమెకు కొట్టినపిండి.

ఈ రోజు పాఠం పద్దెనిమిది వందల పన్నెండు యుద్ధం. బ్రిటిష్ యుద్ధనౌకలు నడిసముద్రంలో అమెరికా ఓడలను ఆపి, నావికులను వేలమందిని పట్టుకుపోయి తమ ఓడల్లో చాకిరీ చేయించాయి. వ్యాపారానికి అడ్డం పడ్డాయి. అమెరికావాళ్ళకు బ్రిటిష్‌వాళ్ళ చేతిలో ఉన్న కెనడా మీద కన్నూ ఉంది. నావికుల హక్కులంటూ యుద్ధానికి దిగారు. వీళ్ళు కెనడాలో ఊళ్ళు కాల్చితే, వాళ్ళు వాషింగ్టన్‌కు వచ్చి అధ్యక్షుడి ఇల్లే కాల్చారు. మైసూరు రాకెట్లను చూసి చేసుకున్న రాకెట్లను బాల్టిమోరు కోట మీదికి వదిలారు. రెండున్నరేళ్ళకు అలిసిపోయి ఒప్పందం రాసుకున్నారు. ఎవరి సరిహద్దు వారిదే.

"మరి నావికుల సంగతి సార్?" స్టెల్లా అనే అమ్మాయి అడిగింది.

ఏటా ఇక్కడే ఆయన బల్ల గుద్దేవాడు. ఎవరి పేరు చెప్పి యుద్ధం చేశారో వాళ్ళ గురించి ఒప్పందంలో ఒక్క మాట లేదు, చూడండని గొంతు చించుకునేవాడు. ఈసారి సుద్దముక్క మెల్లగా కింద పెట్టాడు.

"వాళ్ళ ప్రస్తావన లేదమ్మా" అన్నాడు.

వరండాలో కుప్పమ్మ గోడ వదిలి లేచి నిలబడింది. పిల్లలు వెళ్ళేదాకా ఆగి లోపలికి వచ్చింది.

"సార్, మీరు నిన్న సంతకాలు పెట్టిన కాయితంలో నా పేరు ఉండాదా?"

మునిచంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆదివారం సెలవు ఒప్పుకున్నారు. ప్రసూతి సెలవు కూడా. అన్నీ ఒకేసారి కావు కదా. నీ సంగతి తర్వాత మాట్లాడదామన్నారు."

"లేదని సెప్పండి సార్, ఒక మాట."

"లేదు."

ఆమెకు కోపం వచ్చింది. గొంతు మాత్రం పెంచలేదు.

"యాడనో సచ్చిపోయిన ఆ ఓడోళ్ళ కోసరం ఇన్నేండ్లు బల్ల గుద్దినారే సార్. నేను ఈడనే ఉండాను గదా, మీ కండ్ల ముందర."

ఆయన సిగ్గుపడ్డాడు, కానీ ఆ సిగ్గు ఆమెకు ఏం పనికొస్తుంది?

బోర్డు నిండా రాత. పాఠం అయిన మరుక్షణం తుడవడం ఆమె అలవాటు. గుడ్డ తీసుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి వచ్చి దాన్ని ఆయన నోట్సు మీద పెట్టింది.

"ఇంక మీరే తుడుసుకోండి."

గేటు దగ్గర ఎవరూ ఆమెను ఆపలేదు, పిలవనూ లేదు. రెండో గంట కొట్టేసరికి ఆమె ఎక్కిన గుడిపాల బస్సు కదిలిపోయింది.

బల్ల మీద చెంగావి చీర ముక్క ఇంకా తడిగానే ఉంది. దాని నీరు నోట్సులోకి దిగుతోంది.