కుడిగట్టున గ్లోబు

నేను ఒక రేకు గ్లోబును. రెండు చిప్పలుగా పుట్టాను. అతికినచోట నా నడుము కాస్త ఉబ్బింది. చేసినవాడు సిగ్గుపడి నన్ను వెనక వరసలో పెట్టాడు. సిగ్గు అక్కర్లేదు. తిరిగీ తిరిగీ అసలు భూమికీ నడుము ఉబ్బింది. గోదావరి దక్షిణంగా దిగుతూ ఆ ఉబ్బు వైపే నడుస్తుంది. అయినా దానికది పల్లమే. ఎంత ఘనమైన పనితనం!

నన్ను కొన్నది గోదావరి కుడిగట్టున ఉన్న ఒక ఊరి బడి. కొని బీరువా మీద పెట్టి దుమ్ము పట్టించారు. మనుషులంతే. ఉన్నన్నాళ్ళూ వాడరు, పోయాక వెతుకుతారు.

ఆ ఊళ్ళో ధర్మారావు కొబ్బరితోట ఏటా కొంత ఏటికోతకు పోయేది. ఎదురుగట్టున అతని తోడల్లుడు ముసలయ్య పొలానికి మేట వేసేది. ముసలయ్యే రాళ్ళు పోసి ఏటిని ఇటు తోశాడని ధర్మారావు పట్టు. ఆ రాళ్ళను చూసినవాడు లేడు. భార్య వీరమ్మను మాత్రం పడవ ఎక్కనివ్వలేదు. అవతల ఆమె అక్క మంచం పట్టి, చెల్లెల్ని చూడాలని కబురు మీద కబురు పంపుతోంది.

ఏరు ఇటే ఎందుకు కోస్తోందో టీచరు చేత చెప్పిద్దామని వీరమ్మ మొగుణ్ణి బడికి లాక్కొచ్చింది. సైన్సు టీచరు మేరీరత్నం నన్ను దించి తుడిచింది.

"తిప్పండి బాబాయ్ గారూ. అటు కాదండీ, పడమట నుంచి తూరుపుకి."

అతను తిప్పాడు. ఆమె నా నెత్తిన నీలిమందు నీళ్ళచుక్క వదిలింది. చుక్క తిన్నగా దిగలేదు. తాను పోయే దిక్కుకి కుడివైపు ఒరిగి గీత గీసింది. మళ్ళీ వదిలింది. మళ్ళీ కుడికే.

"ఏరు పోయేవైపు మొహం పెట్టి నిలబడితే, కుడిచేతివైపు మీ తోటేనండి."

"అయితే అంతా ఈ భూమి తిరుగుడు పనేనేటి?"

"కాదండి. ఇది చిన్న తోపు. వరదా, ఒంపూ పెద్దవి. కానీ ఇది ఒక్క పూటా మానదండి."

గుమ్మంలోంచి వీరమ్మ అంది: "భూమిని కూడా మా బావే తిప్పుతున్నాడంటారేటండీ?"

టీచరు నవ్వు ఆపుకుంది. ధర్మారావు వేలు పెట్టి నన్ను ఆపాడు.

"మనిషైతే కొట్టొచ్చు. దీన్నేం చేత్తాం," అని గొణిగాడు. తర్వాత పెళ్ళాం వైపు చూడకుండానే అన్నాడు: "రేవులో పడవుంది. ఎల్లు."

తప్పయిందని అనలేదు. అలాంటివాళ్ళు అనరు. వినడానికి వీరమ్మ ఆగలేదు కూడా. అక్క చేతిని బతికుండగానే పట్టుకుందట.

ఇప్పుడా తోట లేదు. కోత బడి గోడదాకా వచ్చింది. పిల్లల్ని వేరేచోటికి మార్చి, విరిగిన బల్లలతో పాటు నన్ను వదిలేశారు. నా ఇరుసు తుప్పుపట్టి బిగిసింది. నీలిమందు గీత ఇంకా చెరగలేదు. గోడ అవతల మట్టిపెళ్ళలు నీళ్ళలో పడుతున్న చప్పుడు వింటున్నాను.

నేను ఆగిపోయాను. అసలుది ఆగలేదు.