తొమ్మిది వోల్టులు

పిల్‌సూ బ్యాటరీని నాలుకకు ఆనించాడు. చురుక్కుమనలేదు, కాస్త జివ్వుమంది, అంతే. "నీకూ ముసలితనం వచ్చిందా?" అని దాన్ని తిట్టి, బేస్ గిటార్ వీపున ఉన్న చిన్న అరలో మళ్ళీ దూర్చి మూత నొక్కాడు. మధ్యాహ్నం రెండింటికి చేపల బజారు పండగలో కచేరీ. ఆలోగా కొత్త బ్యాటరీ కొనాలి.

అతను కూర్చున్నది బూసాన్ రేవుపట్నంలో ఓ బస్టాపు పక్కనున్న రేకు డబ్బాలో. అందులో ఒక మనిషి, ఒక కుట్టుమిషను, గోడలకు వేలాడే బూటు అట్టలూ మడమలూ తప్ప ఇంకేమీ పట్టవు. ఇరవై రెండేళ్ళు బూట్ల ఫ్యాక్టరీలో పైతోళ్ళు కుట్టాడు. ఆ ఫ్యాక్టరీ కాస్తా చౌకగా పనిచేసే దేశం చూసుకుని వెళ్ళిపోయింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ డబ్బాలో పాతబూట్లు బాగుచేస్తున్నాడు. ఫ్యాక్టరీ పోయినా అక్కడ మొదలైన బ్యాండు మాత్రం మిగిలింది. దాని పేరు 'ఓవర్‌టైమ్'. పాడేది జేగూ, కీబోర్డు మల్‌సుక్ అనే ఆవిడ, డ్రమ్ములు ఒక టాక్సీ డ్రైవరు, బేస్ పిల్‌సూ. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇంతే.

పిల్‌సూకి కోపం ఎక్కువ. డబ్బా మూలన నిలబెట్టిన బేస్‌ని చూసి ఎవరో ఒకరు అడుగుతారు, "నాలుగు తీగలేనా? మిగతా రెండూ తెగిపోయాయా?" అని.

"నీకు రెండు చెవులుండీ ఏం లాభం!" అంటాడు పిల్‌సూ. "ఇది మోగుతున్నంతసేపూ ఎవడికీ పట్టదు. ఆగిందనుకో, పాట నడుం విరిగి కూలబడుతుంది. అప్పుడు తెలుస్తుంది నీకు."

అడిగినవాడు నవ్వి, బూటు తీసుకుని పోతాడు. ఆ నవ్వు పిల్‌సూకి సాయంత్రం దాకా ఒళ్ళు మండిస్తూనే ఉంటుంది.

అతని ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ రెండు చలికాలాల నుంచి సరిగా వంగడం లేదు. తోలు కుట్టే ఆరె పట్టీ పట్టీ కణుపులు ఉబ్బిపోయాయి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. సాధన గదిలో స్వరాలు జారిపోతుంటే చలి మీదా, తీగల తుప్పు మీదా, గిటార్ మెట్ల మీదా నెట్టేసేవాడు. విచిత్రం ఏమిటంటే, వేదిక ఎక్కితే ఒక్క తప్పు రాదు. కిందటి శరదృతువులో చేసిన కచేరీ రికార్డింగు అతని ఫోనులో ఉంది. రోజూ డబ్బా తెరిచే ముందు ఒకసారి వింటాడు. ఎంత నిండుగా, ఎంత నిలకడగా ఉంటుందో! కచేరీ అనగానే చేతికి పాత రోజులు గుర్తొస్తాయని తనలో తాను మురిసిపోయేవాడు. ఈ కోపిష్టి మనిషికి రోజు మొత్తంలో మనసు చల్లబడేది ఆ నాలుగు నిమిషాలే.

ఆ రోజు కూడా విన్నాడు. ఇక లేచి బ్యాటరీ కొనబోతుండగా ఒకమ్మాయి ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది. మడమ ఊడిపోయిందట, గంటలో ఉద్యోగం ఇంటర్వ్యూ అట. "ఇవి బూట్లా, అట్టముక్కలా?" అని చేసినవాణ్ణి తిడుతూనే మేకు కొట్టాడు, అతికించాడు, ఆరేదాకా ఊదాడు. ఆమె పరుగెత్తేసరికి ఒంటిగంట దాటింది. బేస్ భుజాన వేసుకుని బస్సెక్కేశాడు. బ్యాటరీ మాట మరిచేపోయాడు.

చేపల బజారు మధ్యలో నీలం పట్టా పరిచి వేదిక కట్టారు. వెనక ఐసు పెట్టెలు, ముందు ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వరసలో చేపలమ్మే అవ్వ రబ్బరు బూట్లతోనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ బూట్లకు పిల్‌సూయే మూడుసార్లు అతుకు వేశాడు.

"ఒరే బూట్లబ్బాయ్! ఇవాళైనా నీ వాయిద్యం గట్టిగా వినిపిస్తుందా?"

"చేపలు తోమినట్టు చెవులు కూడా తోముకో అవ్వా, వినిపిస్తుంది!"

జేగూ వచ్చి అతని భుజం మీంచి సంచి అందుకున్నాడు. రెండేళ్ళ కిందట ఇలాగే అందుకుంటూ, "ఆ బీరువాలాంటి స్పీకరుని ఇంక మొయ్యకు అన్నా, నీ నడుం పోతుంది. నీ వైరు నేరుగా అందరి శబ్దాలూ కలిపే మిక్సరుకి పెట్టేద్దాం" అన్నాడు. పిల్‌సూకి కళ్ళు చెమర్చాయి అప్పుడు. స్పీకరుని ఓ చర్చికి ఇచ్చేశాడు. ఇవాళ కూడా వైరు మిక్సరుకే పెట్టారు. మీటి చూశాడు. మోగింది.

రెండు పాటలు బాగా సాగాయి. మూడోది అతనికి ప్రాణం. దాని బేస్ వరస అతను ఫ్యాక్టరీలో కుట్టుమిషను లయకి కట్టుకున్నది. బేస్ మీద పిల్‌సూ స్వయంగా అమర్చుకున్న చిన్న ఎర్రదీపం ఉంది. బ్యాటరీలో ప్రాణం ఉన్నంతసేపూ అది వెలుగుతుంది. బ్యాటరీ పోతే దీపమూ పోతుంది, శబ్దమూ పోతుంది. రెండో చరణంలో ఆ దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది.

పాట నడుం విరగబోతోందని పిల్‌సూ పళ్ళు బిగించాడు.

విరగలేదు. బేస్ మోగుతూనే ఉంది.

దీపం వంక చూశాడు. ఆరిపోయే ఉంది. కావాలని ఒక తప్పు స్వరం మీటాడు. ఒప్పు స్వరమే వినిపించింది. ఇంకోటి మీటాడు. ఎక్కడా తొణకలేదు. అప్పుడు పక్కకి తిరిగి చూశాడు. మల్‌సుక్ ఎడమచెయ్యి కీబోర్డు ఎడమ కొసన మంద్రస్వరాల మెట్ల మీద, బేస్ శబ్దంతోనే నడుస్తోంది. అతని వరసే, అతను కట్టిందే, పొల్లు పోకుండా.

పిల్‌సూ రెండు చేతులూ దించేశాడు.

"ఓరి వీడి చేతులు కింద ఉన్నా మోగుతోందే!" అంది అవ్వ. కుర్చీల్లో నవ్వులు లేచాయి.

మల్‌సుక్ తలెత్తింది. వేలాడుతున్న ఆ చేతుల్ని చూసింది. ఆమె ఎడమచెయ్యి తడబడి ఆగిపోయింది. ఒక్కసారిగా పాట కింద నేల లేనట్టయింది. డ్రమ్ములు ఒక దారి, జేగూ గొంతు ఒక దారి. బేస్ ఆగితే ఏమవుతుందో ముప్ఫై ఒక్కేళ్ళుగా అతను చెబుతున్నది అందరికీ తెలిసింది. ఆగింది మాత్రం అతని బేస్ కాదు. జేగూ తంటాలుపడి ముగించి, ఐదు నిమిషాలు విరామం అన్నాడు.

వేదిక వెనక ఐసు పెట్టెల దగ్గర పిల్‌సూ జేగూ చొక్కా పట్టుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"అన్నా, ముందు కూర్చో..."

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"రెండేళ్ళు" అంది మల్‌సుక్. "పరీక్షకి మీటినప్పుడు వినిపించి, పాట మొదలవగానే మిక్సరు దగ్గర నీది మూసేయించేవాళ్ళం. తిట్టు అన్నయ్యా, పడతాను. నీ వేళ్ళు చూడలేకపోయాం. నువ్వు లేని బ్యాండు మాకొద్దు అనుకున్నాం."

"జాలిపడ్డారన్నమాట! నేనేమన్నా ముష్టికొచ్చానా మీ దగ్గరికి?" అతని గొంతు బజారంతా వినబడింది. "చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి. ఏడ్చేవాణ్ణి. ఆ తర్వాత గిలక్కాయ పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి! అది ఊపితే మోగేది నాదే అయ్యేది కదరా! రోజూ పొద్దున్నే ఫోను చెవిలో పెట్టుకుని... మల్‌సుక్, ఏడాదిగా నేను వింటున్నది నీ ఎడమచెయ్యా?"

మల్‌సుక్ ఏడుస్తుంటే అతని కోపం ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆ రికార్డింగులో ఆమె నిజంగా బాగా వాయించింది. అతను బాగున్న రోజుల్లో కంటే బాగా.

"ఇంకా రెండు పాటలున్నాయన్నా" అన్నాడు జేగూ తలదించుకుని. "అవ్వావాళ్ళు చూస్తున్నారు. ఇవాళ్టికి నిలబడు."

"నిలబడ్డానుగా రెండేళ్ళు! చాల్లే."

అతను వేదిక ఎక్కాడు. వైరు పీకేశాడు. గోటితో మూత తెరిచి బ్యాటరీ బయటికి తీసి, అందరూ చూస్తుండగా నాలుకకు ఆనించాడు. ఏమీ లేదు, ఇనుము రుచి తప్ప. బేస్‌ని సంచిలో పెట్టి జిప్పు లాగేసరికి వంగని ఆ రెండు వేళ్ళు మధ్యలో అడ్డుపడ్డాయి. వాటినీ తిట్టాడు. దిగేముందు కీబోర్డు దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"ఏరా బూట్లబ్బాయ్, పోతున్నావా?" అంది అవ్వ. ఈసారి నవ్వలేదు.

"నీ బూట్లు మళ్ళీ కారితే డబ్బా దగ్గరికి రా అవ్వా. ఇక్కడికి మాత్రం నేను రాను" అని చేపల వరసలోకి నడిచాడు.

వెనక నాలుగో పాట మొదలైంది. పిల్‌సూ బస్టాపు దాకా చెవులు రిక్కించుకునే నడిచాడు. జేగూ గొంతు వినిపించింది, డ్రమ్ములు వినిపించాయి, కీబోర్డు పై స్వరాలు వినిపించాయి. కింద ఏమీ లేదు. అక్కడ వేదిక మీద మల్‌సుక్ ఎడమచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. కీబోర్డు ఎడమ కొసన, అన్నిటికన్నా కింది మెట్టు మీద, అతను పెట్టి వెళ్ళిన చచ్చిన బ్యాటరీ ఉంది. దాని బరువుకి ఆ మెట్టు కిందికి దిగలేదు, మోగలేదు.