బహీజా సొంత గొంతు

కైరో సినిమా పోస్టర్ల మీద సంగీత దర్శకుడు వహ్బీ నసీం పేరు హీరో పేరుతో సమానంగా పడుతున్న రోజుల్లో, నేను ఆయన బృందంలో వయొలిన్ వాయించేవాణ్ణి. షుబ్రా పేటలోని తన ఇంట్లోనే ఆయన పాడేవాళ్ళకు పాటలు నేర్పేవాడు.

ఆయన భార్య బహీజా పెళ్ళికి ముందు రేడియోలో పాడేది. "నా భార్య పాట జనం టికెట్టు కొనుక్కుని వినడం నాకిష్టం లేదు" అని పెళ్ళిమాటలప్పుడే చెప్పేశాడట. ఆమె సరేనంది. అప్పట్లో అది మాలో ఎవరికీ వింతగా తోచలేదు.

వహ్బీకి బాణీ కట్టడం వచ్చుగాని నేర్పడం రాదు. విసుక్కునేవాడు. పాడే అమ్మాయిలు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. అప్పుడు బహీజా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చునేది. ముక్కుతో పాడే సమీహాకు ముక్కుతోనే పాడి చూపేది. బొంగురు గొంతు నవాల్‌కు బొంగురుగానే పాడేది. "నీకున్న గొంతుతోనే పాడమ్మా, లేనిదాని కోసం లాగకు" అనేది. ఆ పాటలు ఊళ్ళో ప్రతి కాఫీకొట్లోనూ మోగాయి. తెర మీద ఆమె పేరు ఒక్కసారీ పడలేదు.

ముసలితనంలో వహ్బీకి పెద్ద సన్మానం తలపెట్టారు. ఆయన ఆ సభ కోసం కొత్త పాట కట్టి, ఊద్ వాద్యం పట్టుకుని భార్య ఎదుట కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఇది నీ కోసం కట్టాను. సభలో నువ్వే పాడాలి."

"ఇప్పుడా? ఈ సభకి టికెట్లు లేవనా, ఉస్తాద్?"

ఆయన తల దించుకున్నాడు. "అప్పుడు తప్పు చేశాను బహీజా. ఒక్కసారి పాడు."

ఆమె గొంతు సవరించుకుని మొదటి చరణం ఎత్తుకుంది. సగంలో ఆపేసింది.

"ఇది సమీహా" అంది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపింది. "ఇది నవాల్. నేనెలా పాడేదాన్నో నీకేమైనా గుర్తుందా?"

వహ్బీ ఊద్ పక్కన పెట్టేశాడు. గుర్తుందని అబద్ధమైనా ఆడలేకపోయాడు.

మర్నాడే రేడియోవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజుల్లో పాటలు నేరుగా ప్రసారమయ్యేవనీ, ఆమెవి ఏవీ రికార్డు చేయలేదనీ చెప్పారు. ఆ మాట ఇంట్లో చెబితే, "పోనీలే, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అని ఆమే ఆయన భుజం నిమిరింది.

సభలో ఆ పాటను గొంతు లేకుండా వాద్యాలతోనే వాయించాం. ఇదేదో కొత్త పద్ధతనుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు. వహ్బీ లేచి నమస్కరించలేదు, కుర్చీలో అలాగే కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆయన మరో పాట కట్టలేదు.